తొంభై రోజుల ఇల్లు

యాత్రలు చేసినవాళ్ళు ఇంటికి తిరిగొచ్చి, స్నానం చేసి, మంచం మీద కాళ్ళు చాపుకుని రాస్తారు. నాకా సదుపాయం లేదు. ఆరేళ్ళుగా నాకు ఇల్లు లేదు. కంగారు పడకండి, కష్టాలేమీ రాలేదు. ఉన్న అద్దె ఫ్లాటు ఖాళీ చేసి, సామాను తెలిసినవాళ్ళకి తలా కొంత పంచిపెట్టి, రెండు సూట్‌కేసులతో దేశాలు పట్టుకు తిరుగుతున్నాను. ఆసుపత్రి యంత్రాలు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా వృత్తి. కరెంటూ, ఇంటర్నెట్టూ ఉంటే ఏ ఊళ్ళో కూర్చునైనా రాసుకోవచ్చు. చిన్నప్పుడు కాకినాడలో మా పెద్దమ్మ "ఈ సునందకి కాలు ఒకచోట నిలవదు" అనేది. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ కాలు అలాగే ఉంది.

నాలాంటివాళ్ళని చూసి అందరూ "ఎంత అదృష్టమమ్మా" అంటారు. ప్రభుత్వాలు మాత్రం అలా అనవు. "నువ్వు ఎక్కడి మనిషివి? పన్ను ఎక్కడ కడతావు?" అంటాయి. ఏ ఊళ్ళోనూ నిలకడగా ఉండని మనిషిని ఏ దేశమూ తనదనుకోదు, అనుమానంగా మాత్రం అన్నీ చూస్తాయి. అందుకని మూడేళ్ళ కిందట దుబాయ్‌లో సొంతంగా పనిచేసుకునే లైసెన్సు తీసుకుని, దాని మీద అకామా, అంటే అక్కడ నివసించే అనుమతి, సంపాదించాను. అక్కడ సంపాదన మీద పన్ను లేదు కదా, అందుకేగా అంటారు మీరు. కాదని అబద్ధం చెప్పను.

అయితే అకామా ఒక్కటే చాలదని కిందటేడు తెలిసింది. నాకు ఎక్కువ పని ఇచ్చే ఐరోపా కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు. మీరు దుబాయ్ నివాసి అని అక్కడి ప్రభుత్వం ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం చూపండి, లేకపోతే ప్రతి చెల్లింపులోనూ మా దేశపు పన్ను కోసుకుంటాం అని. వాళ్ళ దేశంలో నేను ఒక్క పూట కూడా ఉండలేదు. ఆ ధ్రువపత్రం కావాలంటే పన్నెండు నెలల్లో తొంభై రోజులు ఎమిరేట్స్ నేల మీద ఉండాలి. అకామాతో పాటు నాదంటూ ఒక నివాసం కూడా ఉండాలి. నా పన్నెండు నెలలు ఫిబ్రవరి పద్నాలుగుతో ముగుస్తాయి. అంతకుముందు రాకలతో డెబ్భై ఎనిమిది అయ్యాయి, ఇంకా పన్నెండు కావాలి. కాబట్టి ఫిబ్రవరి రెండున దుబాయ్‌లో దిగి, పద్నాలుగున నైరోబీ విమానం ఎక్కేలా సరిగ్గా కొలిచి టిక్కెట్లు కొన్నాను.

వంటింటి పక్క గది

నేను కొలిచాను గానీ ఆకాశం కొలవలేదు. అంతవరకూ నేనున్న జార్జియా దేశపు టిబిలిసీలో మంచు కురిసి మూడు రోజులు విమానాలు కదల్లేదు. మూడు రోజులూ కిటికీ దగ్గర కూర్చుని తెల్లటి మంచుని చూస్తూ లోపల్లోపల ఉడికిపోయాను. దుబాయ్‌లో దిగేసరికి అయిదో తారీఖు మధ్యాహ్నమైంది.

అక్కడ అల్ నహ్దా అనే పేటలో నా కాలేజీ స్నేహితురాలు పద్మజ ఉంటుంది. వాళ్ళాయన మూర్తిగారు అల్ వర్సాన్‌లో ఒక గోదాము కంపెనీలో అకౌంటెంటు. వాళ్ళ ఫ్లాటులో వంటింటి పక్కన, ఇక్కడి ఇళ్ళల్లో పనిమనిషి కోసమని కట్టే బుల్లి గది ఒకటుంది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ గదికి నేను ఏడాది పొడుగునా అద్దె ఇస్తాను. ఇంటి ఒప్పందంలో వాళ్ళ పేర్ల కింద నా పేరూ ఎక్కించారు. చట్టం అడిగే నివాసం అదే. దాన్ని మూర్తిగారు ఒకసారి నాకు విడమరిచి చెప్పారు: "రాజమహలు అక్కర్లేదు చెల్లెమ్మా. ఎప్పుడొచ్చినా నీకు తలుపు తెరుచుకునే చోటు ఉండాలి, అంతే." ఆ మాట విని నేను నవ్వాను. భూమ్మీద అలాంటి చోటు ఎంతమందికి ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు.

ఈసారి తలుపు తెరుచుకుంది కానీ లోపల మంచం మీద మూర్తిగారి తల్లి మహాలక్ష్మమ్మగారు కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. అనకాపల్లి నుంచి విజిటింగ్ వీసా మీద వచ్చి నెలరోజులైందట.

"నీ గదిలో అత్తయ్యగారున్నారే. నువ్వు హాల్లో పడుకోవాలి, ఏవనుకోకు," అంది పద్మజ నసుగుతూ.

ఆవిడ అప్పటికే వత్తుల డబ్బా మూసేశారు. "అదేటమ్మా, గది ఈ పిల్లదైతే నన్నెందుకు ఇందులో పెట్టారు? పరుపు కింద వేయండి, ఇద్దరం సర్దుకుంటాం. నువ్వు గురక పెడతావేటమ్మా?"

"పెడతానేమోనండీ. నాకు తెలీదు, చెప్పేవాళ్ళెవరూ లేరు."

"అయితే రేపు నేను చెప్తాన్లే," అన్నారావిడ. మర్నాడు పొద్దున్నే చెప్పారు కూడా.

భోజనాల బల్ల దగ్గర మూర్తిగారు లెక్క అడిగారు. నా చిన్న పుస్తకం తీశాను. కిందటి ఏడాది అయిదు సార్లు వచ్చాను: ముప్ఫై, పద్దెనిమిది, పద్నాలుగు, తొమ్మిది, ఏడు. మొత్తం డెబ్భై ఎనిమిది. ఇప్పుడు అయిదు నుంచి పద్నాలుగు దాకా తొమ్మిది. వెరసి ఎనభై ఏడు.

"మూడు తక్కువ," అన్నారు మూర్తిగారు. అకౌంటెంట్లకి ఇలాంటప్పుడు ఓదార్చడం రాదు. చారు కలుపుకుంటూ ఇంకోసారి "మూడు తక్కువ" అన్నారు.

నైరోబీ ప్రయాణం వాయిదా వేయొచ్చు కదా అంది పద్మజ. అక్కడొక ఆసుపత్రిలో పదిహేనో తారీఖున కొత్త స్కానింగు యంత్రం బిగిస్తున్నారు. బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడి రాసుకోవాలి. అడిగి చూశాను. మీకు కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అని మర్యాదగానే చెప్పారు. అటు మూడు నెలల పని, ఇటు మూడు రోజులు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

నైఫ్‌లో టైపింగ్ కొట్టు

మర్నాడు మెట్రో ఎక్కి నైఫ్ వెళ్ళాను. నైఫ్ అంటే మన పాత బజారు లాంటిదే. ఇరుకు సందులు, గుమ్మాల్లోకి పొర్లుకొచ్చిన సూట్‌కేసులు, సెంట్లు, దుప్పట్లు, డజన్ల లెక్కన గడియారాలు. మన దగ్గర బజారులో అందరూ మనల్నే పిలుస్తున్నట్టుంటుంది. ఇక్కడ మన భాష ఏదో మొహం చూసి పోల్చుకుని ఆ భాషలో పిలుస్తారు. నన్ను మూడు భాషల్లో పిలిచి, నాలుగోసారికి "అమ్మా, రండి" అన్నాడొక పఠాను.

ప్రభుత్వ కాగితాలన్నీ ఇక్కడ టైపింగ్ కొట్ల మీదుగానే నడుస్తాయి. అరబ్బీలో దరఖాస్తు నింపడం, కాగితాలు ఎక్కించడం వాళ్ళ పని. నేను వెళ్ళే కొట్టులో షాజీ అని మలయాళీ ఆయన ఉంటాడు. నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, "అకామా హై. ఘర్ కా కాగజ్ హై. దిన్ కిత్నా హై మేడం?" అన్నాడు. అకామా, ఇంటి కాగితం ఉన్నాయి, రోజులెన్ని అని.

"సత్తాసీ," అన్నాను. ఎనభై ఏడు.

"నబ్బే చాహియే." తొంభై కావాలట.

మంచు కురిసింది, విమానాశ్రయం వాళ్ళ ఉత్తరం కూడా ఉంది, చూపిస్తే మూడు రోజులు మినహాయిస్తారేమో అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "మేడం, కంప్యూటర్ కో బర్ఫ్ నహీ మాలూమ్," అన్నాడు. మంచు సంగతి కంప్యూటరుకి తెలీదట. ఫైలు మూసి నా చేతిలో పెట్టి, పక్క కొట్టు నుంచి రెండు చిక్కటి కరక్ టీలు తెప్పించాడు. కప్పు ఒక దిర్హాము. ఎంత చెప్పినా ఆ దిర్హామూ తీసుకోలేదు, కాగితాలు చూసినందుకూ తీసుకోలేదు. నా దిగులు మొహం చూసి పనయ్యాక ఇద్దురుగాని అని చెయ్యి ఊపాడు.

బెంచీ మీద నా పక్కన ఒకాయన పులిబొమ్మ దుప్పటి మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై అయిదు దాటి ఉంటాయి. ఎండకి మాడిన మొహం, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా. నేను పద్మజతో ఫోన్లో మాట్లాడటం విన్నట్టున్నాడు.

"నమస్తే మేడం. మనోళ్ళేనా? ఏ ఊరు మీది?"

"కాకినాడండీ. మీది?"

"కోరుట్ల దగ్గర మాది. పేరు మల్లేశం. అల్ ఐన్ల ఖజూర్ తోటల పని జేస్త, పంతొమ్మిదేండ్ల సంది. పదిహేడో తారీకు ఊరికి పోతున్న. గందుకే గీ సామాన్లు." కొట్టువాడు దుప్పటి అరవై దిర్హాములకిచ్చాడని, పోయినసారి కన్నా అయిదు ఎక్కువని చెప్పి, "మీరు యాడ ఉంటరు?" అన్నాడు.

ఈ ప్రశ్నకి నా దగ్గర ఒక పెద్ద జవాబు ఉంది. ఏడాదిలో కొన్నాళ్ళు జార్జియా, కొన్నాళ్ళు వియత్నాం, వేసవిలో ఇంకోచోట, మధ్యమధ్యలో దుబాయ్ అని మొదలుపెట్టాను. ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"అంటే యాడ ఉండరన్నట్టు," అన్నాడు.

వెటకారం కాదు, అర్థమైనందుకు తల ఊపాడు. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మూడు రోజుల గొడవ కూడా చెప్పేశాను. ఆయన ఒళ్ళో మూట సర్దుకుని, "ఇచ్చేది లేదంటే ఊకె గూసుండి ఏం జేస్తరు మేడం? శనివారం మా తోటకు రాండ్రి. చెట్లకు పూలు గడ్తున్నం, జూస్తే బాగుంటది. అర్బాబ్ మంచోడు, ఏమనడు," అన్నాడు. అర్బాబ్ అంటే తోట యజమాని. ముక్కూమొహం తెలియని మనిషి పిలిస్తే వెళ్ళడమే నా జీవితంలో నేను చేసిన మంచి పనులన్నిటికీ మూలం. సరేనన్నాను.

అల్ ఐన్ దారి

దుబాయ్‌లో గుబైబా బస్టాండు నుంచి అల్ ఐన్ బస్సు పాతిక దిర్హాములు. డబ్బులు తీసుకోరు, కార్డు ఆనించాలి. ఆనిస్తే నా కార్డులో పదకొండే ఉన్నాయి. వెనక అప్పటికే వరుస. డ్రైవరు పెషావరు మనిషి, "జావ్ బాజీ, భర్వాకే ఆవ్, గాడీ ఖడీ హై," అన్నాడు. వెళ్ళి డబ్బు నింపుకుని రా అక్కా, బండి ఆగే ఉంటుందని. యంత్రం దగ్గరికి పరిగెత్తి డబ్బు వేసుకుని రొప్పుతూ వచ్చేసరికి బస్సు నిండిపోయింది. ఒక్కరూ విసుక్కోలేదు. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకతి ముందు సీట్లో నా సంచీ పెట్టి, నాకని చోటు కాపాడింది. మా ఊరి బస్సులో అయితే నాకు చోటు దొరికేది గానీ నాలుగు మాటలు కూడా దొరికేవి.

దారి పొడుగునా ఇసుక. అల్ ఐన్ రాగానే ఉన్నట్టుండి పచ్చదనం. ఇళ్ళ ప్రహరీల బయట చల్లటి నీళ్ళ యంత్రాలు పెట్టి ఉన్నాయి, దారిన పోయేవాళ్ళ కోసం. మన చలివేంద్రాలే. కాకపోతే మనవి వేసవి పోగానే ఎత్తేస్తాం, వీళ్ళవి ఏడాదంతా ఉంటాయి. తాగాను, చాలా చల్లగా ఉన్నాయి.

తోటలోకి నీళ్ళు ఫలజ్ అనే సన్నటి కాలవలోంచి వస్తాయి. కాలవ నీరు ఏ తోటకి ఎంతసేపని పూర్వం నీడని బట్టి వంతులు వేసుకునేవారట. మల్లేశం చెట్టు మీద ఉన్నాడు. నడుముకీ చెట్టుకీ కలిపి తాడు చుట్టుకుని, పోతుచెట్టు పూలరెమ్మలని ఆడచెట్టు గెలల మధ్య పెట్టి నారతో కడుతున్నాడు. గాలికి వదిలేస్తే కాయ సరిగా పట్టదట. ప్రతి చెట్టుకీ మనిషి ఎక్కి పెళ్ళి చేయాల్సిందే.

"యల్లా అక్కా, గా నీడకు గూసోండ్రి, ఇంక రెండు చెట్లు!" అని పైనుంచి అరిచాడు. యల్లా అంటే పదండి అని. రెండు రోజుల్లోనే మేడం పోయి అక్క వచ్చింది.

మధ్యాహ్నం ఆయన గదిలో అన్నం, పచ్చిపులుసు, గోంగూర పప్పు. గోంగూర తోటలోనే, ఖర్జూరాల మధ్య పాదు చేసి వేశాడు. ఆయన దాన్ని పుంటికూర అంటాడు, నేను గోంగూర అంటాను. పేరు మీద కాసేపు తగాదా పడి ఇద్దరం రెండోసారి వడ్డించుకున్నాం. ఆరేళ్ళలో ఇరవై దేశాల తిండి తిన్నాను. ఆ పప్పు తింటుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారం వల్లనే అని ఆయనతో అన్నాను.

తర్వాత అర్బాబ్ వచ్చాడు. తెల్లటి గడ్డం, పెద్దమనిషి. చాప మీద కూర్చుని ఖర్జూరాలు పెట్టి, పిడికెడంత గిన్నెలో యాలకుల కాఫీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. మర్యాద కదా అని తాగాను. మళ్ళీ పోశాడు. ఏడో గిన్నెకి నా గుండె దడదడలాడుతోంది. మల్లేశం పొట్ట పట్టుకుని నవ్వుతూ, "అక్కా, గిన్నె ఇట్ల ఊపాలె. ఊపకుంటే పొద్దుమీకే దాంక వోస్తనే ఉంటడు," అన్నాడు. చాలు అనడానికి గిన్నెని అటూ ఇటూ కదపాలట. మన దగ్గర విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టే. ఊపాను. పెద్దాయన ఆపి, ఆప్యాయంగా నవ్వాడు.

గోడ మీద కేలండరు

మల్లేశం గది గోడకి తెలుగు కేలండరు ఒకటి వేలాడుతోంది. ఫిబ్రవరిలో ఒక్క గీతా లేదు. పదిహేడు నుంచి మాత్రం ప్రతి గడికీ మూలన చిన్న అంకె ఉంది: ఒకటి, రెండు, మూడు. అలా ఏప్రిల్ దాకా పోయి అరవై దగ్గర ఆగింది.

"ఇక్కడి రోజులు గీయలేదేం?" అన్నాను.

"ఈడి దినాలు ఎవలు లెక్కవెడ్తరక్కా? అవి వాటంతట అవ్వే పోతయ్. ఇంటి దినాలకే లెక్క. రెండేండ్లకొకపారి అరవై దినాలు."

నేను రాసుకునేదాన్ని కదా, తప్పు ఎక్కడున్నా కనిపెడతాను. పదిహేడు ఆయన బయల్దేరే రోజు. విమానం సాయంత్రం, ఊరు చేరేది మర్నాడు. అయినా పదిహేడు గడిలోనే ఒకటి వేసి ఉంది. అటు తిరుగు ప్రయాణం రోజుకే అరవై ఉంది.

"ఇది తప్పు కదా తమ్ముడూ. పదిహేడున మీరు ఇంట్లో ఉండరుగా? పద్దెనిమిది నుంచి మొదలుపెట్టాలి."

"నేనెక్కడ వెడ్తున్న అక్కా? హాజరీ రాసే ముదీర్, మా మేనేజర్, గట్లనే వెడ్తడు. పొయ్యే దినం ఒక గంట పోయినా ఒక దినం. వచ్చే దినం పొద్దుగూకంగ దిగినా గదీ ఒక దినం. రెండు దిక్కుల కోస్తడు. తొమ్మిది పార్లు పోయిన. పద్దెనిమిది దినాలు తొవ్వల్నే పోయినయ్ నాయి." ఇంతలో నావైపు తిరిగి, "మరి మీకెట్ల లెక్కవెడ్తరు అక్కా, ఇమిగ్రేషనోళ్ళు?" అన్నాడు.

నేను పుస్తకం తీశాను. కిందటి ఏడాది మొదటి రాక: మార్చి ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా, ముప్ఫై. మల్లేశం వేళ్ళు మడిచి చూశాడు.

"ఒకటో తారీకు ఈడ ఉన్నరా?"

"మధ్యాహ్నం దిగాను."

"ముప్పై ఒకటి?"

"సాయంత్రం వెళ్ళాను."

"ముప్పై ఒక్క దినాలు గద అక్కా మరి? ముప్పై యాడికెల్లి వచ్చినయ్?"

ముప్ఫై ఎక్కడినుంచి వచ్చాయో నాకప్పుడు తెలిసింది. ఆరేళ్ళుగా నేను బతికింది అద్దె గదుల్లో, హోటళ్ళలో. అక్కడ లెక్క రాత్రుల్లో ఉంటుంది. ఎన్ని రాత్రులు ఉంటారు, ఎన్ని రాత్రులకి డబ్బు కట్టారు అనే అడుగుతారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, జీవితంలో ఒక ఏడాదిని కూడా రాత్రుల్లోనే కొలుచుకున్నాను. ఇల్లున్న మనిషి ఎవరూ ఈ తప్పు చేయరు. వాళ్ళకి రోజు అంటే రోజే.

వెంటనే మూర్తిగారికి ఫోను చేశాను. "అన్నయ్యగారూ, మధ్యాహ్నం దిగితే ఆ రోజు లెక్కలోకి వస్తుందా?"

"ఉండమ్మా, నిబంధన తీస్తాను." కాగితాల చప్పుడు. తర్వాత నెమ్మదిగా, "రోజులో కొంతభాగం ఉన్నా రోజు కిందే లెక్క చెల్లెమ్మా. నువ్వు చెప్పిన అంకెలు రోజులే అనుకున్నాను. నేను అకౌంటెంటుని అని ఎవరికీ చెప్పకు."

అయిదు రాకలకి అయిదు రోజులు కలిశాయి. డెబ్భై ఎనిమిది కాస్తా ఎనభై మూడైంది. ఈసారి అయిదు నుంచి పద్నాలుగు దాకా పది. తొంభై మూడు. పదకొండో తారీఖుకే నా తొంభై పూర్తవుతాయి.

సంతోషంతో లేచి గంతేయబోయి, మల్లేశం మొహం చూసి ఆగిపోయాను. ఆయనకి పద్దెనిమిది రోజులు ఊడదీసిన లెక్కే నాకు ఆరు రోజులు ఇచ్చింది. సిగ్గనిపించింది. అదే మాట ఆయనతో అన్నాను.

"గట్లెందుకనుకుంటరు అక్కా? నాకు పోయినయ్, పోయినయ్. మీకన్న అక్కరకొచ్చినయి గద," అని నవ్వి, అటక మీంచి ఖర్జూరాల డబ్బా తీసి సంచీలో పెట్టాడు. వాళ్ళ ఊరికి తీసుకెళ్ళడానికి దాచుకున్న వాటిలోంచి ఒకటి. వద్దంటే వినలేదు.

మిగిలిన మూడు రోజులు

పన్నెండున షాజీ నా రాకపోకల నివేదిక తీయించాడు. కంప్యూటరు తొంభై ఒకటి చూపించింది. "మబ్రూక్ మేడం," అని అభినందించి, చేతులు కలిపి, దరఖాస్తు పంపేశాడు. రుసుము తీసుకున్నాడు గానీ టీ మాత్రం మళ్ళీ తనే ఇప్పించాడు.

పదకొండు దాటాక నేను అక్కడుండే రోజులతో ఏ ప్రభుత్వానికీ పని లేదు. ఆ పూటే నైరోబీ వెళ్ళిపోవచ్చు. ఆరేళ్ళలో మొదటిసారి, అవసరం లేని చోట ఉందామనిపించింది.

మహాలక్ష్మమ్మగారిని వెంటబెట్టుకుని క్రీకులో, అంటే ఊరి నడుమకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, పడవ ఎక్కించాను. మనిషికి ఒక దిర్హాము. ఆవిడ ఒడ్డు చేరాక దిగనన్నారు. "ఒక్క రూపాయి టిక్కట్టుకి మళ్ళీ అటు తీసుకెళ్ళడేటి?" అని పడవవాడితో అచ్చ తెలుగులో బేరం పెట్టారు. ఆయన బెంగాలీ మనిషి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వి, ఆవిడని ఉచితంగా మళ్ళీ అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. మేం అలా నాలుగుసార్లు దాటాం. ఇంటికొచ్చి ఆవిడ నా గది కిటికీలో కరివేపాకు కుండీ పెట్టారు. "నువ్వొచ్చేసరికి ఇంత ఎత్తవుద్ది," అన్నారు. నేను వచ్చేసరికి ఎంత ఎత్తవుతుందో కొలిచి ఇదివరకు నాతో ఎవరూ చెప్పలేదు.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం సూట్‌కేసులు గుమ్మంలో పెట్టి, ఎప్పట్లాగే తాళంచెవి తీసి చెప్పుల అలమరా మీద పెట్టాను. ప్రతిసారీ అదే చేస్తాను. హోటల్లో కౌంటరు మీద పెట్టే అలవాటు. ఆవిడ చూశారు.

"అదేటమ్మా, తాళం అక్కడ పెడతన్నావు?"

"వెళ్ళిపోతున్నాను కదండీ."

"ఇంటి తాళం ఎవరైనా ఇచ్చేసి వెళ్తారేటమ్మా? ఇదేటి హోటలా?" అని తాళంచెవి తీసి నా పర్సులో వేసి, జిప్పు కూడా తనే లాగారు.

పద్మజ కార్లో విమానాశ్రయం దాకా ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను ఊఁ కొడుతున్నాను.

నైరోబీలో

మూడు వారాల తర్వాత ధ్రువపత్రం వచ్చింది. ఒక్క పేజీ. ఫలానా సునంద మా దేశ నివాసి అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. కంపెనీవాళ్ళకి పంపాను. సరే అని ఒక్క మాట రాశారు. నేను మాత్రం ఆ పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ కాగితంలో నాకోసం నిలబడ్డ బస్సు లేదు, షాజీ టీ లేదు, పుంటికూర పప్పు లేదు. అవి లేకపోతే ఆ కాగితమూ లేదు. అందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే మల్లేశం ఊరి నుంచి ఫోను చేశాడు. వెనక కోళ్ళ అరుపులు, ఎవరో ఆడపిల్ల నవ్వు.

"అక్కా, కాయిదం వచ్చిందా?"

"వచ్చింది తమ్ముడూ. నీ లెక్కతోనే వచ్చింది. నీ రోజులు ఎలా ఉన్నాయి?"

"ముదీర్ కేలండరు ఈడికి తేలే అక్కా. ఈపారి నీ లెక్కనే వట్టిన. దినాలు గాదు, రాత్రులు. పొద్దుగాల లేసినంకనే పోయిన రాత్రికి ఒకటని వెడ్తున్న. రోజూ ఒక దినం మిగిలినట్టే కొడ్తున్నది." అని గట్టిగా నవ్వి, "మరి నువ్వు మల్ల ఇంటికెన్నడు పోతున్నవ్?" అన్నాడు.

ఎప్పటి పెద్ద జవాబు నోటిదాకా వచ్చింది. పర్సు ఒళ్ళోనే ఉంది. జిప్పు కింద తాళంచెవి వేళ్ళకి తగిలింది.

"జూలైలో," అన్నాను.